అందిందని చెప్పేదాకా

నిజామాబాదులో వంకాయల మీద బేరం చేసేవాళ్లకు కొదవ లేదు. బంగారం మీద చేసేవాళ్లూ ఉన్నారు. కంప్యూటరు ప్రోగ్రాము మీద బేరమాడి, ధర సగానికి దించి, అది చాలక ప్రోగ్రాములోంచే ఒక ముక్క కోయించి పారేసిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ముక్క ఎందుకో తెలియక కోయించానని అనుకునేరు. ఆ ప్రోగ్రాము రాసిన ఆమె నాకు విడమరిచి చెప్పింది. అంతా విని, తెలిసి, లాభమని లెక్క వేసుకుని మరీ కోయించాను. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి చాయ్ దుకాణంలో ఈ కథ చెప్పుకుని ఛాతీ విరుచుకున్నాను కూడా.

తప్పు పూర్తిగా నాది కాదు, పెంపకానిది. మా బాపుది కిరాణా దుకాణం. అడిగిన ధర అడిగినట్టు ఇచ్చేస్తే, తక్కువ చెప్పానేమోనని అమ్మినవాడికి నిద్ర పట్టదట. కాబట్టి బేరం చేయడమంటే అవతలివాడికి నిద్ర ప్రసాదించడమే అని ఆయన సిద్ధాంతం. అలా నేను ఊళ్లో చాలామందిని హాయిగా నిద్రపుచ్చాను.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఒక డబ్బా. మొన్న బోధన్ బస్టాండు దగ్గర చాయ్ తాగి, ఫోనుతో పైసలు కొట్టాను. నా ఫోనులో పచ్చ గుర్తు పడింది. బండి మీద పెట్టిన చిన్న డబ్బా, అదే, పైసలు వచ్చాయని గొంతెత్తి చెప్పే డబ్బా, మాత్రం నోరు విప్పలేదు. నేను లేచాను. చాయ్ పోసే మనిషి కోపం లేకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"డబ్బా చెప్పలే అన్నా."

ఫోను చూపించాను.

"నీ ఫోను పంపిన అంటది. నాకు ముట్టిందని నా డబ్బా అనాలె కద. జెర కూసో."

కూర్చున్నాను. పంపానని పంపినవాడు చెబితే సరిపోదు, ముట్టిందని పుచ్చుకున్నవాడు చెప్పాలి. ఈ ఒక్క మాట మీద బతుకంతా నిలబెట్టుకున్న ఇదే బోధన్ మనిషి ఒకామె నాకు ఒకప్పుడు తెలుసు. డబ్బా పలికేదాకా ఆమె గురించే ఆలోచిస్తూ ఉన్నాను.

*

ఆమె బోధన్ నుంచి రోజూ బస్సులో నిజామాబాదు వచ్చి, బట్టల దుకాణం పైనున్న ఒక కంప్యూటరు సెంటరులో పాఠాలు చెప్పేది. పొడుగు మనిషి. జుట్టు ముడిలో ఒక పెన్ను ఉండేది, దాని కోసం టేబులంతా వెతుక్కునేది. సంచిలో ఎప్పుడూ వేయించిన పల్లీల డబ్బా. కంప్యూటరు ముందు కూర్చునే ముందు చేతి గాజులన్నీ తీసి కీబోర్డు పక్కన వరసగా పెట్టేది. గాజులు టేబులు మీద ఉన్నంతసేపు ఆమెను ఎవరూ పలకరించకూడదు. మళ్ళీ చేతికి ఎక్కాయంటే పని అయిందని లెక్క.

వీటికేం గాని, ఆమెలో అసలు విచిత్రం ఇంకొకటి. ఎవరు ఏం చెప్పినా, జవాబిచ్చే ముందు వాళ్ల మాటను వాళ్లకే తిరిగి అప్పజెప్పేది. మొదటిసారి నేను నడిపే అచ్చు ప్రెస్సుకు వచ్చింది సెంటరు పరీక్ష కాగితాలు అచ్చు వేయించుకోవడానికి. శుక్రవారం ఇస్తానన్నాను. "శుక్రవారం, పొద్దుగాల, కుట్టి, కట్ట కట్టి. గంతేనా?" అని నా ముఖంలోకి చూసింది. నేను తల ఊపాను. తల ఊపితే కుదరదు. నోటితో "గంతే" అనాలి. అన్నాక వేలి కణుపుతో టేబులు మీద టక్కుటక్కుమని రెండు దెబ్బలు కొట్టి వెళ్లిపోయింది.

చాయ్ తెచ్చేవాడితోనూ అదే వరస. ఒకటి చక్కెరతో, ఒకటి లేకుండా, గంతేనా? ఆటోవాడితోనూ అంతే. పెళ్ళికి పిలవడానికి వెళ్లినవాళ్లు కూడా రోజు, పూట, హాలు పేరు ఆమె నోట మళ్ళీ విని, గంతే అని ఒప్పుకుంటే గాని గడప దిగేవాళ్లు కాదు. దీర్ఘసుమంగళీ భవ అన్న పంతులును కూడా గంతేనా అని అడిగిందని ఊళ్లో ఒక హాస్యం ఉండేది. ఆ హాస్యం పుట్టించింది నేనే.

ఎందుకిలా అని ఒకసారి అడిగాను. పల్లీలు నములుతూ చెప్పింది. వాళ్ల అమ్మ బీడీలు చుట్టేదట. చుట్టిన కట్టలు గంపలో పెట్టుకుని ఇద్దరూ కార్ఖానాకు వెళ్లేవాళ్లు. తల్లి ఒక్కొక్క కట్టే బల్ల మీద పెడుతూ పైకి లెక్క చెప్పాలి, అవతల లెక్క రాసుకునే మునీం ఆఁ అనాలి. మునీం ఎవరితోనో మాట్లాడుతూ ఆఁ అనడం మరిచిపోతే తల్లి చేతిలోని కట్ట గాలిలోనే ఆగిపోయేదట. వెనక వరసలో వాళ్లు తిట్టినా సరే, ఆగిపోయేదే.

"ముందటోడు ఆఁ అననిది ఇంకో కట్ట పెట్టద్దు బిడ్డా అనేది మా అవ్వ. పెట్టినవనుకో, నడిమిట్ల ఒకటి మాయమైతే అది ఎవలు మింగిండ్రో దేవునికి కూడ తెల్వదు."

*

ఆ రోజుల్లో బోధన్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లుకు నేను కోత చీటీలు అచ్చువేసి ఇచ్చేవాణ్ణి. ఏ రైతు ఏ మడిలో చెరకు ఏ రోజు కొట్టాలో మిల్లు నిర్ణయిస్తుంది. ఆ తేదీ, మడి నంబరు వేసిన చీటీ రైతుకు అందాలి. చీటీ లేకుండా కొడితే మిల్లు కాంటా మీదికి బండిని ఎక్కనివ్వరు. కొట్టిన చెరకు మళ్ళీ పొలంలో నిలబడదు కదా, రోజురోజుకూ ఎండి బరువు పోతుంది. ఏడాది పంట ఆ వేలెడు కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

జాబితా మిల్లు కంప్యూటరులో తయారయ్యేది. మొదట్లో దాన్ని ఫ్లాపీలో వేసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాళ్లు. ఆయన దాన్ని ఇంజను మూత మీద భద్రంగా పెట్టుకునేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి అది అప్పడం. ఇలా లాభం లేదని, జాబితాను ఫోను తీగ మీదే తెప్పించుకుందామని ఆమెను అడిగాను. అటు మిల్లులో ఒక కంప్యూటరు, ఇటు ప్రెస్సులో ఒకటి, రెండింటికీ చెరో మోడెం. కంప్యూటరు మాటను కూతలుగా మార్చి తీగలోకి వదలడం, వచ్చిన కూతల్ని మళ్ళీ మాటగా మార్చడం ఆ మోడెం పెట్టె పని. బయట దొరికే ప్రోగ్రాములు తెచ్చి పెట్టి చూశాం. మా లైను మధ్యలో తెగిపోయేది, అవి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవి. అందుకని తానే ఒకటి రాస్తానంది.

ఆమె చెప్పిన ధర విని నవ్వాను. నవ్వడం బేరంలో మొదటి మెట్టు. రెండో మెట్టు లేచి వెళ్లిపోబోవడం. కానీ ప్రెస్సు నాది, ఎక్కడికి పోను? కాబట్టి ఆమెనే వెళ్లనిచ్చాను. గుమ్మం దాటుతుండగా సగం అన్నాను. వెనక్కి తిరిగి "సగం. గంతేనా?" అంది. గంతే అన్నాను. టక్కుటక్కుమని టేబులు కొట్టింది. అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఇంకా దించవలసిందని నాకే నిద్ర పట్టలేదు.

ప్రోగ్రాము బాగా రాసింది. జాబితాను చిన్న చిన్న కట్టలుగా చేసి పంపేది. ప్రతి కట్ట వెంట దానిలో ఎంత ఉందో ఒక మొత్తం కూడా వచ్చేది. నా కంప్యూటరు ఆ మొత్తం సరిచూసుకుని, సరిపోతే ముట్టిందని మిల్లుకు చెప్పాలి. అది వినేదాకా మిల్లు కంప్యూటరు రెండో కట్ట కదిలించదు. సరిపోకపోతే అదే కట్ట మళ్ళీ అడగాలి. లైను తెగినా ఆఖరున ముట్టిన కట్ట దగ్గరి నుంచే మళ్ళీ మొదలయ్యేది. వాళ్ల అమ్మ గంప, మునీం ఆఁ, రెండింటినీ తీసుకొచ్చి తీగకు కట్టేసింది.

మోడెం కూస్తుంటే తల పక్కకు వంచి, సన్నాయి కచేరీ వింటున్నట్టు వినేది. ఇవాళ లైను మంచిగుందనో, తీగలో నీళ్లు దిగాయనో ఆ కూత విని చెప్పేది. నాకు మాత్రం ఆ కూతలో ఫోను మీటరు తిరగడం తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఫోను చేసేది నేను, బిల్లు నాది. గడియారం పెట్టుకుని చూస్తే, సగం సేపు పంపడానికి, సగం సేపు అడిగి చెప్పుకోవడానికి పోతోంది. మునీం ఆఁ అన్నప్పుడల్లా నా జేబు నుంచి పోతోందన్నమాట.

పిలిచి చెప్పాను. ఆ అడగడాలు, చెప్పడాలు తీసేయమన్నాను.

"తీస్తే, చెడిపోయిన కట్టను పక్కకు పడేసి ముందటికి పోతది సేటూ. మల్ల అడగదు," అంది.

ఇన్నాళ్లలో ఎన్ని కట్టలు చెడిపోయాయని అడిగాను. ఎప్పుడో ఒకటి అంది. ఎప్పుడో ఒకదాని కోసం రోజూ కిరాయి కట్టాలా అన్నాను.

"అందిందా అని అడగద్దు. అందిందని చెప్పద్దు. గంతేనా?"

"గంతే అక్కా."

ఈసారి టేబులు కొట్టడానికి ముందు కొంచెం ఆగింది. తర్వాత గాజులు తీసి, కూర్చుని, చెప్పినట్టే తీసేసింది. దానికి పైసలు అడగలేదు. తీసేయడం పని కాదంది.

ఫోను బిల్లు నిజంగానే తగ్గింది. చదువుకున్న మనిషికి చదువురాని లెక్క నేర్పానని అందరికీ చెప్పుకున్నాను.

*

మోస్రా ఊరి పటేలు ఒకాయన ఉండేవాడు. బోరులో నీళ్లు తగ్గుతున్నాయి, నా చెరకు ముందు తీసుకోండని మిల్లు చుట్టూ తిరుగుతూ ఉండేవాడు. ఒక రోజు మోటారు సామాను కొనడానికి నిజామాబాదు వచ్చి, అలవాటు కొద్దీ ప్రెస్సులోకి తొంగిచూశాడు. ఆ పొద్దున వచ్చిన జాబితాలో ఆయన పేరుంది. మర్నాటి తేదీతోనే ఉంది. చీటీ చేతిలో పెట్టాను. కళ్ళకు అద్దుకున్నాడు. పక్క పొలంలో కోతవాళ్లు ఇవాళ ఖాళీగా ఉన్నారని, ఇప్పుడే కోతకు దింపితే పొద్దున్నే బండి కట్టొచ్చని, చాయ్ కూడా తాగకుండా బస్సెక్కాడు. మిగతా చీటీలు నా టేబులు మీదే కట్టలుగా ఉన్నాయి.

మధ్యాహ్నం మిల్లు నుంచి ఆమె ఫోను. అక్కడ ఏదో యంత్రం బాగుచేయడానికి వెళ్లింది, ఒక తీగ కావాలట, నా దగ్గర ఉందా అని. మాట మధ్యలో ఆగిపోయింది.

"సేటూ, లైన్ల ఈ చప్పుడేంది? పోపు పెట్టినట్టు చిటపటలాడుతున్నది."

పొద్దుటి నుంచీ అంతే అన్నాను.

"జాబితా గీ లైన్లనే వచ్చిందా?"

అవునన్నాను. ఆమె మిల్లు గుమాస్తా దగ్గర జాబితా తీసుకుని పేర్లు చదవడం మొదలుపెట్టింది. నేను చీటీలు తిప్పుతూ ఆఁ అనాలి. కౌంటరు దగ్గర గిరాకీ నిలబడి ఉంది. తర్వాత చూద్దామన్నాను. ఆమె వినిపించుకోకుండా తర్వాతి పేరు చదివింది. ఆఁ. ఇంకోటి. ఆఁ. మోస్రా వచ్చింది. పటేలు పేరు వచ్చింది. ఆ చీటీ ఆయనకే ఇచ్చానన్నాను. తర్వాతి పేరు చదివింది. నేను వెతికాను. లేదు. ఆ తర్వాతిదీ లేదు. నాలుగైదు పేర్ల తర్వాత, వేరే ఊరి పేరు దగ్గర మళ్ళీ ఆఁ అన్నాను.

"పటేలు తారీకు ఏమని ఉండె?"

రేపు అని చెప్పాను.

అటు కాగితం తిప్పిన చప్పుడు. "గిక్కడ ఇంకో రెండు వారాలకు ఉన్నది. నీ దాంట్ల నడిమి కట్ట ఒకటి ఎగిరిపోయింది సేటూ. పటేలు వరస సగం కాడ తెగి, ఇంకొకని సగం వచ్చి అతుక్కున్నది. పేరు ఈయినది, మడి, తారీకు వేరెటోనియి."

ఆ ఊళ్లో పటేలుకు ఫోను లేదు. కోతవాళ్లు కత్తులు పట్టుకుని పక్క పొలంలోనే ఉన్నారు. ఆయన ఆ చెరకు కొట్టించాడంటే మిల్లు జాబితాలో తేదీ కలవదు, బండి వెనక్కి తిప్పుతారు. రెండు వారాలు ఎండలో ఆరబెట్టిన చెరకు ఎవడు కొంటాడు?

"నేను ఇక్కడికెళ్లి మోస్రాకు పోత. నువ్వు కూడ రా. తప్పు నీది, మొకం నీదే సూపియ్యాలె," అని పెట్టేసింది.

స్కూటరు మీద ఎలా వెళ్లానో నాకు గుర్తు లేదు. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి చెరకు బండీ పటేలుదే అనిపించింది.

నేను చేరేసరికి మిల్లు జీపు గట్టు పక్కన ఉంది. నాందేడు వైపు నుంచి వచ్చిన కోతవాళ్లు కత్తులు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఆమె వాళ్లను నడిపించే ముకద్దంకు మరాఠీలోనే ఆగమని చెప్పి ఆపించిందట. అంచున ఒక సాలు కొట్టి పడేసి ఉంది. దాని వెనక తోటంతా నిలబడే ఉంది. కోతకు వచ్చిన ఆడవాళ్లు ఆమె చేతుల వైపే చూస్తున్నారు. గాజులు లేవు. మిల్లులో కీబోర్డు పక్కనే వదిలేసి వచ్చింది.

పటేలు మాత్రం వినే మూడ్‌లో లేడు. చీటీ గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. "ఇచ్చింది మీరే, వద్దనేది మీరే. నన్ను ఎడ్డోణ్ణి చేస్తున్నరా? మల్ల ఈ చీటీ నాకెప్పుడు రావాలె?"

"చీటీ నీ చేతులనే ఉంచుకో పటేలా, నేను గుంజుకోను," అంది ఆమె. "పైకెళ్లి కిందికి చదువు. నేను తిరిగి చెప్త."

ఆయన చదివాడు. పేరు. ఆమె పేరు తిరిగి చెప్పింది. తండ్రి పేరు. అదీ చెప్పింది. ఊరు. చెప్పింది. మడి నంబరు చదివాడు. ఆమె ఆ నంబరు తిరిగి చెప్పి, ఊరుకుంది. పటేలు చీటీని కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు.

"గిది నా మడి కాదు."

"ఎవలది?"

"నాకేం ఎరుక. నాదైతే కాదు."

"నీ మడి కాదు. కొడితే కాంటా మీద కలువదు. గంతేనా?"

పటేలు అన్నాడు. "గంతే."

అప్పుడు నా వైపు తిరిగాడు. "సేటూ, నా తలకాయ తీసి ఎవని పెయి మీదనో అతికిచ్చినవ్ కద. ప్రెస్సు నడుపుతున్నవా, నాటకాల కంపెనీ నడుపుతున్నవా?" ముకద్దం ఈ మాటను మరాఠీలోకి మార్చి చెప్పాడు. కోతవాళ్లంతా నవ్వారు. నన్ను చూసి జనం నవ్వితే అంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. గట్టు మీద కూలబడ్డాను. గాలికి తోటంతా గరగరలాడుతోంది. ఒక్క సాలు తప్ప అన్నీ వేళ్ల మీదే ఉన్నాయి.

ఆమె కొట్టిన సాలులోంచి ఒక గడ తీసుకుని, మోకాలి మీద విరిచి, సగం నాకిచ్చింది.

"తిను సేటూ. ఇది నువ్వు కొన్న చెరుకే."

తిన్నాను. ఇంకా సరిగ్గా తీపెక్కలేదు. పటేలు కూడా ఒక ముక్క నమిలి అదే మాట అన్నాడు. రెండు వారాలు ఆగాల్సిందే అని తనకు తానే చెప్పుకున్నాడు.

ముందే చెప్పానా అని ఆమె ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. జీపు ఎక్కుతూ, తీసేసిన ముక్క మళ్ళీ పెట్టాలా అని మాత్రం అడిగింది. ఈసారి ఆమె నోరు తెరిచేలోపే నేను చెప్పాను. అందిందా అని అడగాలి, అందిందని చెప్పాలి, చెప్పకపోతే అదే కట్ట మళ్ళీ పంపాలి. ఆమె జీపు తలుపు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టింది.

మర్నాడే వచ్చి పెట్టింది. మొదట అడిగిన ధర మొత్తం తీసుకోమన్నాను. ఆ ధర అప్పటిది, ఇప్పుడు పెట్టేది ఒక ముక్కే, ముక్క పైసలే చాలంది. నేను బతిమాలినా పెంచలేదు. ధర పెంచమని నేను బేరమాడిన సందర్భం అదొక్కటే. అందులోనూ ఓడిపోయాను. పటేలు చెరకు తన తేదీకి, తన మడి నంబరు మీదే కాంటా ఎక్కింది. ఆ తర్వాత ఏళ్లకు ఆమె భర్త ఉద్యోగం మారి, వాళ్లు షోలాపూర్ వైపు వెళ్లిపోయారని విన్నాను.

ఆమె ఆ ముక్క మళ్ళీ పెట్టిన వారమే తలుపు మూసుకుని లెక్క వేశాను. బేరంలో మిగిలిందీ, ఫోను బిల్లులో మిగిలిందీ ఒక వైపు. పటేలుకు అంచు సాలు కింద ఇచ్చింది, ముకద్దం మనుషుల పూట కూలి, పెట్రోలు, మళ్ళీ అచ్చువేసిన చీటీల కాగితం, ఆమె ముక్క ధర ఇంకో వైపు. నా వైపు మొగ్గేలా వేయడానికి రెండుసార్లు చూశాను. తేలలేదు. మొదటే ఆమె అడిగినంత ఇచ్చి నోరు మూసుకుని ఉంటే అయ్యేదాని కంటే ఎక్కువే అయింది. కానీ కొంచెమే. తోట నిలబడి ఉంది కాబట్టి కొంచెమే.